వాడు ఆగిన చోటు

ఇంటి నుంచి, వంటగది కిటికీ పక్కన
ఆదివారం

అమ్మాయ్,

బాగున్నావా అని అడగడానికి నాకు మొహం లేదు. అయినా అడుగుతున్నాను, బాగున్నావా?

ఫోను చేద్దామని నాలుగుసార్లు నీ నంబరు దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. ఫోనులో నా నోరు నా మాట వినదు, నీకు తెలియంది కాదు. కాగితమైతే ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాయాలి కాబట్టి తప్పుడు మాట వచ్చేలోపు ఆపుకోవచ్చు. ఐదో తరగతి చదువు, తప్పులుంటే నువ్వే సర్దుకో.

టీవీకి తగిలించే ఆటపెట్టె పంపమని మెసేజి పెట్టావు. చూశాను. పార్సిలువాళ్ళు గట్టి అట్టపెట్టె ఉంటేనే తీసుకుంటారట. మా కుట్టు దుకాణానికి గుడ్డ తానులు వచ్చే పెట్టెలు పొడుగువి, దానికి నప్పవు. దొరకగానే పంపుతాను.

వాడు పోయి ఐదు నెలలు. వాడిని సాగనంపిన రోజు వచ్చినవాళ్ళందరి ముందూ నేనన్న మాట నువ్వు మర్చిపోయి ఉండవు. "ఆదివారమొస్తే చాలు, టీవీలోకి శవాల్ని తెచ్చుకుని మొగుడి పక్కన కూర్చుని నవ్వేది, ఇంట్లోకి చావుని పిలిచింది ఇదే" అన్నాను. వేలు కూడా చూపించాను. దాని గురించి రాద్దామనే కూర్చున్నాను. చెయ్యి రావడం లేదు. ఇంకోసారి రాస్తాను.

ఒక్క సంగతి చెప్తావా? మీరిద్దరూ ఆ ఆటలు ఎలా ఎంచుకునేవాళ్ళు? నేను ఇదే వంటగదిలో మీకు వీపు చూపించి కూర్చునేదాన్ని గదా. "అమ్మా, రావే, హంతకుణ్ణి నువ్వు పట్టు" అని వాడు పిలిచేవాడు. "నాకు బతికున్న దొంగలు చాల్లే" అనేదాన్ని. ఇప్పుడు తెలుసుకోవాలనుంది. నీకు రాయాలని ఉంటేనే రాయి.

మీ అత్త

*

అక్క ఇల్లు, వెనక గది
శనివారం

అత్తయ్యగారికి,

ఉత్తరం అందింది. నేను బాగానే ఉన్నాను. ఇక్కడ కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పనే దొరికింది. అక్కకి నేను బరువు కాకుండా నడుస్తోంది.

పెట్టె త్వరగా పంపండి. అది పాతది, అమ్మితే ఎవరూ కొనరు. కానీ అందులో దీపస్తంభం ఆట సగంలో ఉంది. మేం ఆడిన ఆఖరి ఆట. ఒక దీవిలో దీపస్తంభం కాపలావాడు చనిపోతాడు, ఎవరు చంపారో కనిపెట్టాలి. ప్రతి మనిషినీ ఏం అడగాలో, ఎవరిని నమ్మాలో, ఎవరిని వదిలేయాలో మనమే చెప్పాలి. మనం చెప్పినదాన్ని బట్టి కథ మారుతుంది. తను చెప్పినవన్నీ, తను ఆగిన చోటూ ఆ పెట్టెలో దాచి ఉన్నాయి. ఆఖరి ఘట్టంలో ఊరందరి ముందూ హంతకుడెవరో చూపించాలి, దానికి ముందు ఆగాం. అక్కడినుంచి పూర్తి చేయాలని ఉంది. అంతే.

ఎలా ఎంచుకునేవాళ్ళమని అడిగారు. రాయకూడదనుకున్నాను, కానీ రెండ్రోజులుగా అదే గుర్తొస్తోంది.

మొదటి షరతు, తుపాకీ ఉండకూడదు. తనకి కాల్చడం రాదు, నాకు పరిగెత్తడం రాదు. రెండోది, ఆట మాకోసం ఆగాలి. పది సెకన్లలో చెప్పమని తరిమేవి వద్దు. ఒక్కో జవాబుకి పావుగంట దెబ్బలాడుకునేవాళ్ళం మరి. ఒకళ్ళు ఆడుతుంటే ఇంకొకళ్ళు ఆవలించే ఆటా పనికిరాదు. రిమోట్ ఒక్కటున్నా చాలు, బుర్రలు రెండూ పట్టాలి. తను డ్రైవరు, నేను గుమాస్తా. తను నొక్కేవాడు, నేను పుస్తకంలో రాసేదాన్ని.

కొనేముందు ఆ ఆట గురించి ఎవరైనా రాసింది చదివేవాళ్ళం, మొదటి నాలుగు వరుసలే. ఐదో వరుసకి వెళ్ళామంటే ముగింపు తెలిసిపోతుందని తను ఫోను లాక్కునేవాడు. ఒకసారి నన్ను అడక్కుండా అట్టమీద బొమ్మ చూసి దెయ్యాల బంగళా తెచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి గదా, పావుగంటకే "పక్కింటివాళ్ళ లిఫ్ట్ ఏదో చప్పుడు చేస్తోందన్నారు, చూసొస్తా" అని లేచాడు. పక్కిల్లు ఒక్క అంతస్తు.

ఇంకో షరతు ఉండేది. ఇద్దరం ఉంటేనే ఆడాలి. అన్నిటికంటే పెద్దది అదే.

ఉంటాను.

మీ కోడలు

*

కుట్టు దుకాణం, మధ్యాహ్నం అన్నం వేళ

అమ్మాయ్,

"అత్తయ్యగారు" ఎప్పుడైందే? మనింట్లో "అత్తయ్యా, ఆ పోపు మాడుతోంది" అని అరిచేదానివి. సరే. గారు పెట్టించుకునే పనే చేశాను.

పక్కింటి లిఫ్ట్ సంగతి చదివి నవ్వొచ్చింది. పక్క మిషను మీద ఉండే ఆవిడ నావైపు వింతగా చూసింది. ఐదు నెలల్లో నా నవ్వు వినలేదు గదా పాపం.

నీ కేసు పుస్తకం అలమారాలో దొరికింది. చదువుతున్నాను, కోప్పడకు. అందులో కోటు సంగతి రాశావు. నీళ్ళ గ్లాసు పట్టుకుని అటుగా వెళ్తూ తెరకేసి ఒక్కసారి చూశాను, గుర్తుందా? రాళ్ళ మీద దొరికిన కోటు చనిపోయినవాడిదే అంటున్నారు మీరు. "మగాడి కోటుకి కాజాలు ఎడమవైపు కుట్టాలి, ఇది ఆడవాళ్ళ కోటు" అనేసి వెళ్ళిపోయాను. ముప్ఫై ఏళ్ళుగా కాజాలు కుట్టే చెయ్యి, నోరు ఊరుకోదు. వాడు సోఫా మీద ఎగిరాడు. నువ్వు పుస్తకంలో "సాక్షి: అత్తయ్య. ఫీజు: మంచి టీ" అని రాసుకున్నావు. ఆ టీ నువ్వు తెచ్చి నా పక్కన పెట్టావు, నేను చల్లారిపోయేదాకా ముట్టుకోలేదు.

ఇంకో రెండు సంగతులు. ఉత్తరాలు దొంగచాటుగా విప్పి చదివే పోస్టుమాస్టరు ఉన్నాడే, వాడిని మీరు నిలదీశారా, వదిలేశారా? ఆ పేజీ మీద టీ పడి అక్షరాలు అలికిపోయాయి. డాక్టరు మందులపెట్టె తెరిచారా? అది నువ్వు రాయనే లేదు. ఊరికే అడుగుతున్నాను.

అట్టపెట్టె ఇంకా దొరకలేదు.

మీ అత్త

*

కళ్ళద్దాల దుకాణం, గిరాకీ లేనప్పుడు

అత్తయ్యా,

గారు తీసేశాను. చెయ్యి దానంతటదే రాసింది, పోనివ్వండి.

పోస్టుమాస్టరుని వదిలేశాం. నేను నిలదీద్దామన్నాను. తనేమో "ఉత్తరాలు విప్పినవాళ్ళంతా హంతకులైతే మా అమ్మ ఎప్పుడో జైల్లో ఉండాలి, నా డైరీ ఒక్క పేజీ వదిలిందా" అన్నాడు. డాక్టరు పెట్టె తెరిచాం. ఖాళీగా ఉంది.

ఇవి ఎందుకు అడుగుతున్నారో తెలియదు కానీ రాస్తుంటే బాగుంది. ఆట గురించి అడిగేవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు. అక్కకి చెప్పబోతే "చిన్నపిల్లవా" అంటుంది.

అట్టపెట్టె కోసం వెతక్కండి. వచ్చే నెల రెండో ఆదివారం నేనే వచ్చి తీసుకెళ్తాను. నిజం చెప్పాలంటే తను ఆగిన చోటు మన ఇంట్లోనే, అదే సోఫాలో కూర్చుని ఒక్కసారి చూడాలనుంది.

మీ కోడలు

*

ఇంటి నుంచి, ముందుగది, టీవీ ఎదురుగా

అమ్మాయ్,

నువ్వు రాకముందే ఇది నీకు చేరాలి.

వాడు ఆగిన చోటు లేదు. పోయింది. నావల్లే పోయింది.

నీ మెసేజి రాకముందు మాట. ఒక ఆదివారం ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఆ పెట్టె అలమారాలోంచి తీసి, వాడు పెట్టినట్టే తీగలు పెట్టి, రిమోట్ పట్టుకున్నాను. సముద్రం కనిపించింది, దీపస్తంభం కనిపించింది. ఏవో మాటలు వచ్చాయి. ఆ ఇంగ్లీషు అక్షరాలు నాకు రావుగదా. పైనున్నది నొక్కాను. మళ్ళీ ఏదో వచ్చింది, నొక్కాను. కథ మొదలైంది. పడవ దిగడం దగ్గర్నుంచి. అప్పుడు కూడా తెలియలేదు. ఆపి మళ్ళీ తెరిచి చూస్తే, ముందు తాళం వేసిన దీపస్తంభం బొమ్మ పక్కన వాడి పేరు ఉండేది గదా (చూస్తే గుర్తుపడతాను, రాయడం రాదు), అక్కడ పడవ బొమ్మ ఉంది.

ఆటలమ్మే దుకాణానికి వెళ్ళాను. "ఎవరికమ్మా, మనవడికా?" అన్నాడు అక్కడి అతను. "నాకే" అన్నాను. ఎగాదిగా చూశాడు. సంగతి చెప్పాను. "తుడిచేస్తే తుడిచేసినట్టేనమ్మా, తిరిగి రాదు. పోనీ మళ్ళీ ఆడుకోండి, ఏముంది" అన్నాడు. ఏముందో అతనికి ఏం తెలుసు.

మళ్ళీ ఆడుకోండి అన్న మాట పట్టుకున్నాను. నీ పుస్తకం ముందు పెట్టుకుని మొదటినుంచి మొదలుపెట్టాను. నువ్వు "పైనుంచి రెండోది", "కిందది" అని రాశావు గదా, అలాగే నొక్కుతూ వచ్చాను. నువ్వొచ్చేలోపు వాడు ఆగిన చోటుకి తీసుకెళ్ళి పెడితే నీకు తెలియదనుకున్నాను. అందుకే పోస్టుమాస్టరు గురించీ డాక్టరు గురించీ అడిగాను. అట్టపెట్టె అబద్ధం. మా దుకాణంలో అట్టపెట్టెలు బోలెడు.

తొమ్మిది ఆదివారాలు పట్టింది. మొన్న దీపస్తంభం తలుపు దాకా వచ్చాను. అక్కడ వాడి పేరు ఉండాల్సిన చోట ఏదో ఒకటి రాయమంటుంది. నాకు ఆ అక్షరాలు రావు, ఊరికే ఒకటే అక్షరం నాలుగుసార్లు నొక్కి ఉంచాను. దాన్ని చూడగానే నా మీద నాకే అసహ్యం వేసింది. కొడుకు ఆగిన చోట నకిలీది కుట్టి పెడుతున్నాను. ఎవరిని మోసం చేయడానికి? నిన్ను. మళ్ళీ నిన్నే.

రాకపోయినా నేనేమీ అనుకోను.

మీ అత్త

*

అక్క ఇల్లు, వెనక గది

అత్తయ్యా,

ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. దాచి లాభం లేదు. కానీ మీరు తెలియక చేశారు. అక్షరాలు రానివాళ్ళ చేతిలో అది ఎవరికైనా జరుగుతుంది. తొమ్మిది ఆదివారాలు ఒక్కరే కూర్చుని ఆడారంటే నేను మిమ్మల్ని ఏమనగలను?

మీరు నిజం రాశారు కాబట్టి నేనూ రాస్తున్నాను. అక్కకి కూడా చెప్పలేదు.

ఇద్దరం ఉంటేనే ఆడాలన్న షరతు నేనే తప్పాను. ఒక గురువారం నాకు సెలవు. ముగింపు ఏంటో చూసి ఆపేద్దామనుకుని ఒక్కదాన్నే వేరే పేరుతో ఆఖరిదాకా ఆడేశాను. నాది తుడిచేశాను కూడా. కానీ పూర్తిచేసినవాళ్ళకి ఆ పెట్టె ఒక మెడల్ బొమ్మ ఇస్తుంది, అది పోదు. ఆదివారం తను తెరవగానే కనిపించింది. "గుమాస్తా డ్రైవరుని దింపేసి బండి తోలుకుపోయాడే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. రిమోట్ పక్కన పెట్టేశాడు. ఆరోజు ఆడలేదు. "ఇంకోటి వెతుకుదాంలే" అన్నాడు కానీ వెతకలేదు.

సోమవారం సరిగ్గా మాట్లాడలేదు. మంగళవారం పొద్దున నేను బట్టలు ఆరేస్తుంటే గుమ్మంలోంచి "వెళ్ళొస్తా" అన్నాడు. వినిపించనట్టు ఊరుకున్నాను. పదకొండు గంటలకి లిఫ్ట్ గోతిలో పడ్డాడని ఫోను వచ్చింది.

మీరు ఆరోజు వేలు చూపించినప్పుడు నేను ఎందుకు తిరిగి మాట అనలేదో ఇప్పుడు తెలిసిందా? మీరు చెప్పిన కారణం తప్పు. కానీ నామీద వేలు చూపించడం తప్పు కాదనిపించింది.

మీ కోడలు

*

ఇంటి నుంచి, వంటగది

అమ్మాయ్,

"తెలియక చేశారు" అని రాశావే, ఆ మాట నన్ను తినేస్తోంది. నాలుగు రోజులు ఆ ఉత్తరం జాకెట్లో పెట్టుకుని తిరిగాను. ఇక దాచను.

ముందు నీ సంగతి. "వెళ్ళొస్తా" అంటే పలకని పెళ్ళాలు ప్రతి ఇంట్లో ఉంటారు. నేను వాడి నాన్నకి ఎన్నిసార్లు పలకలేదో లెక్కలేదు, ఆయన ప్రతి సాయంత్రం తిరిగొచ్చాడు. వాడిది అలక, కోపం కాదు. నేను కన్నదాన్ని, నాకు తెలుసు. ఆ సోమవారం వాడు నా దగ్గరికొచ్చి "అమ్మా, నీ కోడలు దొంగ" అని చెప్పి పకపకా నవ్వాడు. ఏం దొంగతనం అని నేను అడగలేదు. నీ మీద ఒక చెడ్డమాట వాడి నోట వచ్చిందని లోపల సంబరపడ్డాను. అందుకే ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు. ఇది మొదటి సిగ్గు.

రెండోది వినమ్మా. వాడి ఆట తుడిచిన రోజు ఆ పెట్టె రెండుసార్లు అడిగింది.

అక్షరాలు రాకపోయినా, డబ్బుల మిషను దగ్గరైనా ఎక్కడైనా ఒక మిషను ఆగి రెండోసారి అడిగిందంటే "నిజంగానేనా" అని అడుగుతున్నట్టని నాకు తెలుసు. తెరంతా నల్లగా అయిపోయి ఎర్ర గుర్తు వచ్చింది. వాడి పేరు మీద వెలుగుతోంది. ఏదో పోబోతోందని తెలిసింది. రిమోట్ కింద పెట్టేయొచ్చు. అప్పుడు నాకేమనిపించిందో తెలుసా? నా కొడుకుది ఇందులో ఏదో మిగిలింది, అది నాది కాదు, నా కోడలిది, అనిపించింది. వాడు ఆడింది నీతో, నవ్వింది నీతో, ఆగింది నీ పక్కన. నాకేం మిగిల్చారు అనుకున్నాను. నొక్కాను.

నొక్కిన మరుక్షణం తెలిసింది నేను ఎవరిని తుడిచానో.

మీరు పిలిస్తే రానిది నేను. నాకేం మిగల్చలేదని ఏడ్చేదీ నేనే.

ఇది చదివాక నువ్వు ఏం చేసినా న్యాయమే.

అత్త

*

కళ్ళద్దాల దుకాణం

అత్తయ్యా,

పదిహేను రోజులు జవాబు రాయలేదు. రాయబుద్ధి కాలేదు. మిమ్మల్ని క్షమించానని ఇప్పుడు కూడా రాయను, అది అబద్ధం అవుతుంది.

"నీ కోడలు దొంగ" అని తను నవ్వాడని రాశారు. నిజంగా నవ్వాడా? ఇంకెవరైనా చెప్తే నన్ను ఊరడించడానికనుకునేదాన్ని. మీరు మీ సిగ్గుతో కలిపి చెప్పారు కాబట్టి నమ్ముతున్నాను. ఆ ఒక్క వరుస కోసం మిగతా ఉత్తరం చింపలేదు.

ఈ ఆదివారం వస్తున్నాను. పెట్టె తీసుకెళ్ళడానికి కాదు. మీరు తెచ్చిన చోటునుంచే ఆఖరి ఘట్టం ఆడదాం. రిమోట్ మీరు పట్టుకోండి. నేను చదివి చెప్తాను. ముగింపు నాకు తెలుసు, అడగొద్దు.

కోడలు

*

ఇంటి నుంచి, ముందుగది
సోమవారం

అమ్మాయ్,

నిన్న నువ్వు బస్సెక్కాక నేను ఇంట్లోకి రాలేకపోయాను. నీ ముందు అనలేకపోయిన మాట ఇప్పుడు రాస్తున్నాను.

ఆటలో ఊళ్ళోవాళ్ళందరూ గుండ్రంగా నిలబడ్డారు. "ఎవరో చూపించమంటున్నారు అత్తయ్యా" అన్నావు. నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. చనిపోయినవాడి పెళ్ళాన్ని చూపించాను. "ఎందుకో కారణం కూడా అడుగుతోంది" అని నాలుగు కారణాలు చదివావు. మూడోది అన్నాను. నువ్వు ఇంకోసారి చదివావు: "మొగుడు పోయినరోజు ఆమె ఏడవలేదు." అదే అన్నాను. నొక్కాను.

ఆమె కాదని నీకు తెలుసు. నీ మొహంలో ఏమీ కనిపించలేదు. గుమాస్తాలాగా పుస్తకంలో రాసుకున్నావు. ఆమెని పడవెక్కించి తీసుకుపోతుంటే ఊరంతా చూస్తూ నిలబడింది. అప్పుడు కూడా ఆమె ఏడవలేదు. పడవ వెళ్ళిపోయాక దీపస్తంభంలో ఇంకెవరో దీపం ఆర్పారు. నేను తప్పు మనిషిని పట్టించానని అర్థమైంది.

నీవైపు తిరగడానికి భయమేసింది. ఎందుకంటే, అమ్మాయ్, ఆరోజు నువ్వూ ఏడవలేదు. గోడకి ఆనుకుని రాయిలా కూర్చున్నావు. మొగుడు పోతే కన్నీటిచుక్క రాని మనిషి ఏం మనిషి అనుకున్నాను. శవాలూ టీవీ అన్నీ నోటికొచ్చిన మాటలు, లోపలున్నది ఇదే. ఆట గురించి కాదు నీమీద వేలు చూపించింది. నువ్వు నాలాగా ఏడవలేదని.

నువ్వు రిమోట్ నా చేతిలోంచి మెల్లగా తీసి పక్కన పెట్టి, "టీ పెట్టనా" అన్నావు. ఈసారి వేడిగానే తాగాను. నాలుక కాలింది.

ఈ పొద్దున దుకాణానికి సెలవు పెట్టి మా పెద్దక్క ఇంటికి వెళ్ళాను. ఆరోజు నా మాట విన్న పదకొండుమందినీ వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాను. మొదట పెద్దక్క. "నా కోడలి మీద నేను అన్నది అబద్ధం" అన్నాను. "పోనీలేవే, దుఃఖంలో వంద అంటాం" అంది. "వంద కాదక్కా, ఒక్కటే అన్నాను, అది అబద్ధం. నువ్వు ఎవరెవరికి చెప్పావో వాళ్ళకి కూడా ఇదే చెప్పు" అన్నాను. ఆవిడ మొహం మాడ్చుకుంది. ఇంకా పదిమంది ఉన్నారు. ఒక్కొక్కళ్ళ గుమ్మమూ ఎక్కుతాను. సిగ్గుగానే ఉంటుంది. ఉండనీ.

నువ్వు మళ్ళీ రావాలని అడిగే హక్కు నాకు లేదు. పెట్టె ఇక్కడే ఉంది, దుమ్ము పట్టకుండా గుడ్డ కప్పాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకెళ్ళు.

అత్త

*

అక్క ఇల్లు, వెనక గది
ఆదివారం

అత్తయ్యా,

పెద్దత్త ఫోను చేసింది. చెప్పింది. "సరేనండీ" అని పెట్టేశాను. పెట్టేశాక బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. నాకు ఏడుపు అందరిముందూ రాదు అత్తయ్యా, చిన్నప్పటినుంచీ అంతే.

దీపస్తంభం మళ్ళీ ఆడొద్దు. అది తనది, అక్కడే ఆగనివ్వండి. ఆ నకిలీ పేరున్నది మాత్రం తుడిచేయండి. ఎలా తుడవాలో మీకు తెలుసు.

నిన్న సాయంత్రం దుకాణం కట్టేశాక ఆటలమ్మే చోటుకి వెళ్ళాను. గంటన్నర నిలబడి మూడు ఏరాను. తుపాకుల్లేవు, తరిమేవి కావు. ఒకటి, ఏడంతస్తుల ఇంట్లో సంగీతం మాస్టారు కనిపించకుండా పోతాడు. అందులో లిఫ్ట్ ఉంది, మీకు కష్టమైతే ఇది వద్దు. రెండోది, ఊరి గడియారం దొంగతనం. ఎవరూ చావరు. మూడోది, ఒక బట్టల మిల్లులో జరుగుతుంది. చాలా పొడుగు. నెలకి రెండు ఆదివారాల లెక్కన ఆడితే ఏడాది పడుతుందని దుకాణం అతను అన్నాడు.

మీరు ఎంచి రాయండి. ప్రతిదాని గురించీ మొదటి నాలుగు వరుసలే చదివాను.

మీ కోడలు